నోరు విప్పగానే పడే మార్కులు

పొద్దున ఆరు గంటలకు పాశమైలారంలో రాత్రి షిఫ్ట్ దిగినవాళ్లూ పొద్దుటి షిఫ్ట్‌కు ఎక్కేవాళ్లూ ఒకే ఛాయ్ డబ్బా దగ్గర కలుస్తారు. ఒకాయన ‘జర ఆగన్నా, పైసలిస్త’ అంటాడు. ఇంకొకాయన ‘చిల్లర లేదండీ’ అంటాడు. నారాయణఖేడ్ దిక్కు తండా నుంచి వచ్చిన పిల్లవాడు ఫోన్‌లో ఇంటివాళ్లతో లంబాడీల గోర్ బోలీలో మాట్లాడి, ఫోన్ జేబులో పెట్టుకుని, పక్కవాడితో తెలుగులోకి దిగుతాడు. సదాశివపేట మనిషి దక్కనీలో ‘నక్కో భాయ్’ అని బిస్కట్ వద్దంటాడు. భోజ్‌పురి, ఒడియా సరేసరి. ఛాయ్ దగ్గర ఎవరి మాట వాళ్లది. గేటు దాటి లోపలికి పోయాక మాత్రం ఆ మాటలకు ధరలు మారిపోతాయి.

యాస వినగానే మనిషిది ఏ దిక్కో తెలుస్తుంది. అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. మనం ఆగం. ఊరితోపాటు అతని చదువు, తెలివి, మర్యాద, నిజాయితీ కూడా తెలిసిపోయాయనుకుంటాం. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం కంపెనీల్లో ఈ అనుకోవడం మీదే ఎవరు హెల్పర్‌గా మిగలాలి, ఎవరు సూపర్‌వైజర్ కావాలి, ఎవరి మాట మీటింగ్‌లో చెవికెక్కాలి అన్నవి చాలావరకు తేలిపోతున్నాయి. దీన్ని భాషాభిమానుల గొడవగా, సున్నితమైన మనసుల బాధగా చూసి పక్కన పెట్టడం తప్పని నా వాదన. ఇది కూలీ, ప్రమోషన్, ఒక్కోసారి ప్రాణం సంగతి.

నేను సంగారెడ్డిలో పుట్టి పెరిగిన మనిషిని. ఇంట్లో ‘వచ్చిండు’ అంటాను, ఈ వ్యాసంలో ‘వచ్చాడు’ అని రాస్తున్నాను. చేతికి బడి నేర్పిన అలవాటు అది. ఆరో తరగతిలో ‘మా నాయన పొలం కాడికి పోయిండు’ అని రాస్తే సారు ఎర్ర ఇంకుతో కొట్టేసి, క్లాసుకు చదివి వినిపించాడు. క్లాసంతా నవ్వింది. నవ్వినవాళ్లందరి ఇళ్లలోనూ నాయనలు పొలం కాడికే పోయేవాళ్లు.

ఆ ఎర్ర గీత కింద ఉన్న మాటను కాస్త విప్పి చూద్దాం. పాత రూపం ‘పోయినాడు’. అందులో నకారం జారిపోయి దీర్ఘం మిగిలితే కోస్తా నడిమి జిల్లాల ‘పోయాడు’ వచ్చింది. ‘నా’లోని దీర్ఘం మాత్రం పోయి నకారం నిలబడితే తెలంగాణ ‘పోయిండు’ వచ్చింది. రాయలసీమలో చాలాచోట్ల ఇప్పటికీ ‘పోయినాడు’ అనే అంటారు. ఒకే మాట మూడు దారుల్లో నడిచింది. ఇందులో చెడిపోయింది ఏదీ లేదు. ఇంకా చెప్పాలంటే, అరిగిపోవడమే తప్పయితే నకారాన్ని నిలబెట్టుకున్న రూపంకన్నా పోగొట్టుకున్న రూపమే ఎక్కువ అరిగింది. అయినా ఒకటి శుద్ధమైంది, ఒకటి మొరటైంది.

వారాల పేర్లూ అంతే. ‘ఐతారం’, ‘బేస్తవారం’ అంటే ఉర్దూ కలిసిన పల్లెటూరి మాటలని నవ్వినవాళ్లను చూశాను. ఒకటి ఆదిత్యవారం, ఇంకోటి బృహస్పతివారం. ‘నాకు ఎరుక లేదు’ అంటే చదువురానివాడి మాటగా వింటారు. ‘ఎరుక’ జ్ఞానానికి తెలుగులో ఉన్న పాత మాట. వేదాంతం చెప్పేవాళ్ల నోట వస్తే దానికి చేతులు జోడిస్తాం, మల్లేపల్లి బస్సులో కండక్టర్‌తో ఒక ముసలమ్మ అంటే నవ్వుతాం. ఉర్దూ మాటలు లేవని కాదు. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టిన నిజాం రాజ్యం ఇది. కచేరీ, దవాఖానా, దస్తావేజూ అన్నీ ఆ భాషలో నడిచాయి. ఏలినవాళ్ల భాష జనం నోట్లోకి రావడం ఎక్కడైనా ఉన్నదే. కోస్తా వాళ్ల నోట ‘కలెక్టర్’, ‘రోడ్డు’ ఉన్నట్టే మా నోట ‘దవాఖాన’. ఇంగ్లీషు కలిస్తే చదువు, ఉర్దూ కలిస్తే చదువులేమి ఎలా అయింది? ఆ తూకం భాషాశాస్త్రంలో లేదు.

భాషాశాస్త్రం చెప్పింది వేరు. భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా వృత్తి పదాలు సేకరింపజేసి, వ్యవసాయ పదాలతో మొదటి మాండలిక వృత్తి పదకోశాన్ని 1962లో తెచ్చారు. ఆ సేకరణ ఆధారంగా తెలుగు నేలను ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య అని నాలుగు మాండలికాలుగా గుర్తించారు. నాలుగూ తెలుగే, ఏదీ ఇంకోదానికి కింది మెట్టు కాదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల మధ్య మాండలికం ప్రమాణమైందంటే అందుకు కారణాలు కాలువల నీళ్లు, కాలేజీలు, అచ్చు యంత్రాలు, పత్రికలు, ఆ తర్వాత సినిమా. ముందుగా చదువూ డబ్బూ చేరినచోటి మాటకు పెద్దరికం వచ్చింది. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. ఆయన శ్రీకాకుళం దిక్కు మనిషి, పర్లాకిమిడిలో పనిచేసినవారు. ఆయన గెలిపించిన వాడుక భాష పుస్తకాల్లోకి వచ్చేసరికి ఆయన ఊరి యాసకు అందులో చోటు దొరకలేదు. గ్రాంథికం దిగిపోయిన కుర్చీలో రెండు మూడు జిల్లాల వ్యవహారం కూర్చుంది. కవి కాళోజీ దీని మీదే నిలదీశారు. బడిలో నేర్పే మాటకూ జనం బతుకులోంచి వచ్చే పలుకుబడికీ మధ్య ఉన్న ఎడాన్ని ఆయనంత సూటిగా చూపినవారు లేరు. 2014 నుంచి ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. ఆ రోజు దండలు వేసే అధికారుల్లో ఎంతమంది మర్నాడు ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుని ‘వచ్చిండు’ విని మొహం చిట్లించకుండా ఉంటారన్నది నా అనుమానం.

మా సంగారెడ్డి జిల్లాకు భాష విషయంలో చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. 1921లో హైదరాబాదులో జరిగిన సభలో తెలుగులో మాట్లాడిన వక్తను గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయి, 1930లో మొదటి సభ పెట్టుకున్నది జోగిపేటలో. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. నాలుగేళ్లకు ఆయనే ‘తెలంగాణలో కవులు పూజ్యం’ అన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఒక ప్రాంతం మనుషులకు ఫలానాది రాదని ఎవరో తేల్చేస్తే, కోపంతో కేక వేయకుండా కూర్చుని 354 పేర్లు పోగు చేసిన ఆ ఓపిక నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఆ జోగిపేట పేరు 2021లో తెలుగు నేలంతా మళ్లీ మోగింది, ఈసారి ‘జాతిరత్నాలు’ సినిమాతో. జోగిపేట నుంచి పట్నం వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు, లోకజ్ఞానం లేక కేసులో ఇరుక్కుంటారు. నేనూ కడుపుబ్బ నవ్వాను, ఆ ముగ్గురి మీద ప్రేమా కలిగింది. ఈ యాసకు తెర మీద దొరికిన పాత స్థానంతో పోలిస్తే అది పెద్ద మార్పే. 1985లో ‘ప్రతిఘటన’లో తెలంగాణ యాస మాట్లాడింది దుర్మార్గుడైన మంత్రి. ఆ పాత్ర వేసిన కోట శ్రీనివాసరావు కృష్ణా జిల్లా మనిషి, మహానటుడు. యాసను అంత పట్టుగా పలికినందుకు ఆయన్ను తప్పుపట్టను. కానీ హీరో నోట పెట్టని యాసను విలన్ నోటా, పోకిరీ నోటా, నవ్వించే పనివాడి నోటా మళ్లీ మళ్లీ పెట్టినప్పుడు అది ఒక పాఠంగా మారుతుంది. 1999లో ‘సమరసింహారెడ్డి’ గెలిచాక రాయలసీమ యాస అంటే కత్తి, సుమో అన్నట్టయింది. ఉత్తరాంధ్ర యాసకు అమాయకపు పనివాళ్ల వేషాలు దక్కాయి. 2017లో వచ్చిన ‘ఫిదా’లో బాన్సువాడ పిల్ల కథానాయికగా తన యాసలోనే ప్రేమించి, పోట్లాడి, గెలిచింది. 2023లో ‘బలగం’ ఊరు ఊరంతా తన మాటలోనే ఏడ్చింది. అయినా తెరమీద చప్పట్లు కొట్టినవాళ్లు ఆఫీసులో అదే మాట విని చప్పట్లు కొట్టరు. సినిమాలో యాస కళ, ఇంటర్వ్యూలో యాస లోపం.

ఇంటర్వ్యూ గదిలో ఏం జరుగుతుందో కాస్త నిలిచి చూడాలి. అన్నిటికన్నా ఎక్కువ అపార్థం తెచ్చేది పదాలు కావు, మర్యాద చెప్పే తీరు. మా దిక్కు మేనమామనూ ఊరి పెద్దనూ కూడా ‘నువ్వు’ అనే అంటాం. గౌరవాన్ని క్రియాపదం మొయ్యదు, పిలుపు మోస్తుంది: కాకా, పెద్దబాపూ, పటేలా, సారూ. ‘నువ్వు జెప్పు సారూ, నేన్ జేస్త’ అన్న వాక్యంలో వినయమంతా ‘సారూ’ అనే దీర్ఘంలో ఉంది. కోస్తాలో గౌరవం ‘అండీ’లో, ‘వచ్చారు’లో ఉంటుంది. అక్కడి చెవికి ‘నువ్వు జెప్పు’ అన్న రెండు ముక్కలే వినపడతాయి, దీర్ఘం వినపడదు. పొగరు, పెంపకం లేదు అని తీర్పు పడుతుంది. ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ అన్న గడిలో ఆ తీర్పు అంకె అవుతుంది. తనకు మార్కులు ఎక్కడ పోయాయో ఆ పిల్లవాడికి ఎప్పటికీ తెలియదు. ఐటీఐలో ఫిట్టర్ నేర్చుకుని, బేరింగ్ చప్పుడు విని రోగం చెప్పగల పిల్లవాడు, తన నోటి చప్పుడు దగ్గర ఓడిపోతాడు.

ఇదే పని మేమూ చేశాం. ‘అండీ’ వినగానే ‘మాటలు తియ్యగ, లోపల కత్తెర’ అని మేం వేసిన తీర్పు కూడా అంతే అన్యాయమైంది. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది, ఆ తర్వాత ఇక్రిశాట్, పటాన్‌చెరు పారిశ్రామికవాడ, 1980ల్లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం. వీటితో కృష్ణా, గుంటూరు, గోదావరి కుటుంబాలు వేలల్లో వచ్చి స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లలు, మనవలు ఇక్కడే పుట్టారు. ఉద్యోగాల్లో, నీళ్లలో, నిధుల్లో తెలంగాణకు జరిగిన అన్యాయం నిజం. దాని మీద కోపమూ న్యాయమే. ఆ కోపాన్ని అశోక్‌నగర్‌లో పాల ప్యాకెట్ అడిగే ఒక రిటైర్డ్ టర్నర్ ‘అండీ’ మీద తీర్చుకోవడం మాత్రం న్యాయం కాదు. తెలంగాణ ఉద్యమ రోజుల్లో నోరు మెదపడానికి జంకిన కుటుంబాలు నాకు తెలుసు. ‘పోయాడు’ అన్నందుకు చూపు మారడం, ‘పోయిండు’ అన్నందుకు నవ్వడం ఒకే జబ్బు.

ఈ జబ్బుకు మెట్లున్నాయి. హైదరాబాదు వాళ్లకు సంగారెడ్డి యాస మొరటు. సంగారెడ్డి వాళ్లకు కన్నడం కలిసిన జహీరాబాద్, నారాయణఖేడ్ మాట మొరటు. నారాయణఖేడ్ వాళ్లకు తండా పిల్లల తెలుగు మొరటు. దక్కనీ మాట్లాడే సదాశివపేట ముస్లింను లక్నో ఉర్దూ వాళ్లు చిన్నచూపు చూస్తారు. అందరికీ కింద బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు ఉన్నాడు. అతని హిందీ విని ‘ఈళ్లకేం తెలుస్తది’ అనే మాట, నలభై ఏళ్ల క్రితం మా నాయనలను అన్న మాటే. పదం కూడా మారలేదు.

ఈ జబ్బు మన ఒక్కచోటిదే కాదు. మాంట్రియల్‌లో మనస్తత్వవేత్త వాలెస్ లాంబర్ట్ బృందం చేసిన ఒక పరీక్ష 1960లో అచ్చయింది. రెండు భాషలూ వచ్చిన మనుషుల చేత ఒకే విషయాన్ని ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి ఫ్రెంచిలో చదివించి రికార్డు చేశారు. విన్నవాళ్లకు రెండూ ఒకే గొంతని తెలియదు. ఇంగ్లీషులో విన్నప్పుడు ఆ మనిషికి తెలివి ఎక్కువన్నారు, ఎత్తు కూడా ఎక్కువన్నారు. గుండె గుచ్చే సంగతి ఏమంటే, ఫ్రెంచి మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా తమ భాష వినపడినప్పుడే తక్కువ మార్కులు వేశారు. చిన్నచూపు చాలాకాలం పడితే అది పడినవాళ్ల చెవిలోనే కాపురం పెడుతుంది. ‘సార్ వస్తే మంచిగ మాట్లాడు బిడ్డా’ అని తల్లి చెప్పేటప్పుడు ‘మంచిగ’ అంటే తన మాటలా కాకుండా అని అర్థం. క్లాసులో నవ్విన నా తోటి పిల్లల చెవులూ అప్పటికే అలా తయారయ్యాయి.

చట్టం ఈ దారిన సగం దూరమే వచ్చింది. రాజ్యాంగం 15వ అధికరణ మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం ఆధారంగా ప్రభుత్వం వివక్ష చూపకూడదంటుంది. జన్మస్థలాన్ని నోటిలో మోసుకు తిరిగే యాస గురించి అందులో మాట లేదు. ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూ గదిలోకి అది ఎలాగూ రాదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ ఫ్యాక్టరీలో పెట్టే నోటీసులు ఇంగ్లీషులోనూ కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలని చెప్పింది. మంచిదే. కానీ ఈనాడు పాశమైలారంలో ఒకే షెడ్డులో నాలుగు భాషలుంటే ‘ఎక్కువమంది’ ఎవరు? తెలుగులో పెట్టిన బోర్డు అయినా ఏ తెలుగులో? ‘నిర్దేశిత రక్షణ పరికరములు ధరించవలెను’ అన్న బోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి. పొద్దంతా దాని కింద పనిచేసేవాళ్లు ఆ వాక్యాన్ని జన్మలో మాట్లాడరు.

పనిచోట మాట ఎంత ముఖ్యమో ఒక చిన్న పదం చెబుతుంది. మా దిక్కు ‘మోటర్ చాలు జెయ్’ అంటే మోటారు మొదలుపెట్టమని. హిందీ, ఉర్దూల నుంచి వచ్చిన ‘చాలూ’ అది. ఆ వాడుక తెలియని చెవికి ‘చాలు’ అంటే ఇక ఆపమని. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరిదీ సరైన తెలుగే. తిరిగే యంత్రం ముందు ఈ తేడాను అడిగి తెలుసుకోవాలి. అడగాలంటే ‘నాకు సమజ్ కాలే సారూ, మళ్ల జెప్పు’ అనే ధైర్యం ఉండాలి. ఒకసారి నవ్వులపాలైనవాడు రెండోసారి అడగడు, తలాడించి పోతాడు. అర్థం కాకపోయినా తల ఊపే మనిషి రసాయనాల కంపెనీలో ఎంత ప్రమాదమో భద్రతాధికారులను అడిగితే చెబుతారు.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా లాంటి దూరపు రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఎందరో. ఆ ఘోరానికి భాష కారణమని నేను అనడం లేదు. ఆ పేర్ల జాబితా చూసినప్పుడు మాత్రం నాకు ఒకటే తోచింది: ఇన్ని భాషల మనుషులు ఒకే పైకప్పు కింద పనిచేస్తుంటే, అక్కడ ప్రతి ఒక్కరూ ‘ఇక్కడేదో తేడాగా ఉంది’ అని తన మాటలో చెప్పగలగాలి, పైవాళ్లు దాన్ని వినగలగాలి. ఆ ఏర్పాటు ఈ పారిశ్రామికవాడలో ఎన్ని కంపెనీల్లో ఉంది?

ఎలా ఏర్పాటు చేసుకోవచ్చో ఇదే జిల్లాలో ఒక ఊరు చూపించింది. ముంబయి హైవే మీద జహీరాబాద్ దాకా పోతే, ఆ దిక్కునే మాచనూరు ఉంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు అక్కడ సంఘం రేడియో నడుపుతున్నారు. 1998లోనే స్టూడియో కట్టుకున్నారు కానీ ప్రసారానికి అనుమతి లేదు. పదేళ్లు తమ మాటలు రికార్డు చేసి క్యాసెట్లలో ఊళ్లకు తీసుకుపోయి వినిపించారు. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు 2006లో వచ్చింది. 2008 అక్టోబర్ 15న మాచనూరు గొంతు గాలిలోకి వెళ్లింది. నడిపించిన ఇద్దరి పేర్లూ నర్సమ్మే: ఒకరు జనరల్ నర్సమ్మ, ఒకరు అల్గోలు నర్సమ్మ. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, పిల్లల జ్వరాల గురించి వాళ్లు మాట్లాడేది ఇంట్లో మాట్లాడే మాటే. రేడియో అంటే వార్తలు చదివే గొంతులా ఉండాలన్న భయం వాళ్లు పెట్టుకోలేదు. పొలంలో ఉన్న మనిషి ఆ గొంతు విని, ఇది నాకు చెబుతున్నారని వెంటనే గుర్తుపట్టాడు.

పారిశ్రామికవాడకు అలాంటి రేడియో ఒకటి కావాలి. కమ్యూనిటీ రేడియో లైసెన్సు విద్యాసంస్థలకూ ఇస్తారు. కందిలో ఐఐటీ పక్కనే ఉంది, ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఫ్యాక్టరీల శాఖ, పరిశ్రమల సంఘాలు తలచుకుంటే ఖర్చు పెద్దది కాదు. ఏ రసాయనం వాసన వస్తే ఏం చెయ్యాలి, ఓటీ డబ్బులు రాకపోతే ఎవరిని అడగాలి, ఈఎస్ఐ కార్డు ఎలా వాడాలి అన్నవి నారాయణఖేడ్ తెలుగులో, గోర్ బోలీలో, దక్కనీలో, భోజ్‌పురిలో, ఒడియాలో చెప్పాలి. స్క్రిప్టు రాసిచ్చి అనౌన్సర్ చేత చదివించకూడదు. పొద్దున ఆరింటికి, ఛాయ్ డబ్బాలో మోగే ఆ గొంతు, అప్పుడే రాత్రి షిఫ్ట్ దిగిన రియాక్టర్ ఆపరేటర్‌దై ఉండాలి.